ముందు ముడి వెయ్యొద్దు

గరిటె ఒకే వైపు తిప్పాలి. మైదా నీళ్లు చిక్కబడే వేళ చెయ్యి ఆగితే ఉండలు కడతాయి. ఉండలు కట్టిన జిగురుతో అట్ట అంటిస్తే పైన బొడిపెలు లేస్తాయి. అందుకని ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నా చెయ్యి మాత్రం ఆపలేదు. వీధి చెట్లు ఆకులు రాల్చడం మొదలుపెట్టాయి. గ్రంథాలయం మెట్ల మీద పడిన ఆకుల్ని ఊడ్చే మనిషి ఊడుస్తూనే ఉంది, చెట్టు వేస్తూనే ఉంది. జిగురు గరిటె నుంచి తీగలా సాగి తెగకుండా వేలాడేసరికి చిటికెడు మైలుతుత్తం వేసి కలిపి స్టవ్ ఆపేశాడు. మైలుతుత్తం పురుగు పట్టకుండా. గిన్నె మీద కప్పిన తడిగుడ్డ మీగడ కట్టకుండా. రెండో అంతస్తులోని ఆ చిన్న గదిలో ముప్పైతొమ్మిదేళ్లుగా శనివారం పొద్దున ఈ వంట జరుగుతోంది. తినేవి పుస్తకాలు కాబట్టి ఉప్పు తక్కువైందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఆయనకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది. హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా బతికి లేదు. అందరికీ ఆయన జిగురుగారు. పిలవడానికి బాగుండదని మొదట్లో ఎవరో చివర 'గారు' తగిలించారు, అదీ అంటుకుపోయింది. సన్నటి మనిషి. కళ్లజోడు జారిపోకుండా పుస్తకాలు కుట్టే దారంతోనే మెడకి కట్టుకుంటాడు. ఎడమ బొటనవేలి గోరు చదునై పలకలా ఉంటుంది, ఎప్పుడో పుస్తకాలు నొక్కే ప్రెస్సులో నలిగింది. మాట్లాడుతున్నంతసేపూ వేళ్ల మీద ఎండిన జిగురు పొరలు ఒలుచుకుంటూ ఉంటాడు. కొత్తవాళ్లకి అది చర్మమేమోనని భయం వేస్తుంది.

ఈమధ్య రెండో అంతస్తుకి ఎక్కేటప్పుడు మెట్ల మలుపులో ఉన్న పెద్ద గడియారం దగ్గర ఆగుతున్నాడు. చేతి వాచీని దాంతో సరిచూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. రెండు నెలలుగా ఆ వాచీ రోజూ పొద్దున్నే తప్పు టైము చూపిస్తోందంటే నమ్మేవాళ్లు ఉన్నారా? గ్రంథాలయం నడిపే పెద్దమేడం నమ్మలేదు, అడగనూ లేదు. గుండె బలహీనపడిందని, మాత్రలు వేళకి పడాలని డాక్టరు చెప్పిన సంగతి ఆవిడకీ తెలుసు, ఇంట్లో అక్కకీ తెలుసు.

జిగురుగారి భయం గుండె గురించి కాదు. బల్లల కింద, అలమారుల మీద, గోడ పొడవునా దొంతర్లుగా ఉన్న ఆరువందల నలభై పుస్తకాల గురించి. వెన్ను విరిగినవి, అట్ట ఊడినవి, కుట్లు తెగి పేజీలు రాలిపోతున్నవి. మూడు నెలల్లో ఆయన పని విరమణ. ఆ తర్వాత ఈ పనికి మనిషిని ఇచ్చేది లేదని పైవాళ్లు తేల్చి చెప్పేశారు. మనిషి లేకపోతే గది ఎందుకు, గది లేకపోతే పుస్తకాలు ఎందుకు? అన్నీ చిత్తు కాగితాల లారీ ఎక్కుతాయి. పోట్లాడటం ఆయనకి చేతకాదు. పట్టుకుంటే వదలకపోవడం ఒక్కటే చేతనవును. ఈ పని నలుగురికైనా నేర్పి వెళ్లాలని నెల రోజులు పెద్దమేడం చెవిలో జోరీగలా తిరిగి, శరత్కాలపు కార్యక్రమాల జాబితాలో చివరి వరస సంపాదించాడు. పిల్లలకి కథల గంట, పెద్దలకి కంప్యూటరు పాఠాలు, విత్తనాలు అరువిచ్చే అర, చలికోట్ల మార్పిడి, వీటన్నిటి కింద 'పుస్తకాల కుట్టు'.

"మొదటి శనివారం సాయంత్రం నాలుగింటికి ఆరుగురు ఉండాలి. లేకపోతే తీసేస్తారు. రూలు నాది కాదు," అంది పెద్దమేడం. పేరుకే పెద్ద, వయసులో ఆయన కంటే ఇరవయ్యేళ్లు చిన్న.

"ఆరుగురే కదమ్మా," అన్నాడు జిగురుగారు, ఆరువందలమంది బయట వరస కట్టినంత ధీమాగా.

ఆ శనివారం ఇదే.

*

మధ్యాహ్నం రెండింటికి మొదట వచ్చింది బస్సు డ్రైవరు. చంకలో మందపాటి కోటు. వెనకాలే ఆస్పత్రి ఆయా, చేతిలో పని దుస్తుల సంచి. తర్వాత ఇద్దరు తోడికోడళ్లు ఒక దుప్పటి చెరో కొసా పట్టుకుని వచ్చారు. ఆ దుప్పటి సరిగ్గా మధ్యలో చిరిగి ఉంది. ఎవరు ఎటు లాగితే చిరిగిందో అడగడం మర్యాద కాదని జిగురుగారు ఊరుకున్నాడు. చివరగా గడియారాలు బాగుచేసే ముసలాయన ఖాళీ చేతులతో వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

అయిదుగురు. జిగురుగారు ఒకసారి తలుపు వైపు, ఒకసారి వాచీ వైపు చూశాడు.

"ఇదిగోండి, జేబులో చిల్లు," అంటూ డ్రైవరు కోటు తిరగేసి బల్ల మీద పరిచాడు. "తాళాలు వేస్తే లోపలి గుడ్డలోకి జారిపోతున్నాయి. బస్సు తీయాలంటే రోజూ నన్ను నేనే తడుముకోవాల్సి వస్తోంది."

"మాది కాస్త పెద్ద చిరుగు," అంది పెద్ద తోడికోడలు.

"మాదంటే మాది కాదు, ఆవిడదే," అంది చిన్న తోడికోడలు.

జిగురుగారు కోటు వైపు చూశాడు, దుప్పటి వైపు చూశాడు. ఏదో తట్టింది. ఒక్క నిమిషం అని చెప్పి మెట్ల మలుపు దాకా దిగి, అక్కడి ప్రకటనల పలక ముందు నిలబడ్డాడు. తన చేత్తోనే రాసిన కాగితం. మొదటి వరసలో పెద్ద అక్షరాలతో 'పుస్తకాల' అని, రెండో వరసలో 'కుట్టు నేర్పబడును' అని రాశాడు. సోమవారం నాడు చలికోట్ల మార్పిడి పోస్టరు అంటించమంటే అంటించింది కూడా తనే. ఆ పోస్టరు కింది అంచు సరిగ్గా మొదటి వరస మీద పడింది. ఇప్పుడు పలక మీద 'చలికోట్లు తెచ్చి ఇవ్వండి, తీసుకోండి', దాని కిందే 'కుట్టు నేర్పబడును'. చదివిన వాళ్లు కోటు పట్టుకుని రాక పుస్తకం పట్టుకుని వస్తారా? గోటితో అంచు లేపబోయాడు. లేవలేదు. తను కాచిన జిగురు మరి.

పైకి వచ్చేసరికి ఈసారి దాచలేనంత ఆయాసం వచ్చింది. కాసేపు నీళ్లు నమిలి, ఉన్న మాట చెప్పేశాడు.

"ఇది బట్టల కుట్టు కాదండి. పుస్తకాల కుట్టు. తప్పు నాదే."

డ్రైవరు కోటు మడిచాడు. ఆయా సంచి భుజాన వేసుకుంది. తోడికోడళ్లు ఆ ఇంటికి వచ్చాక మొదటిసారేమో, ఒకే మాట ఒకేసారి అన్నారు, "మరి మేం వెళ్తాం."

ఆయన తోక ముడుచుకునే రకమే అయితే కథ ఇక్కడితో అయిపోయేది. జిగురుగారు వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన అడ్డం నిలబడితే తలుపులో సగం ఖాళీగానే ఉంటుంది, అయినా నిలబడ్డాడు.

"ఒక్క గంట కూర్చోండి. నా కుట్టు నేర్చుకోండి. సాయంత్రం లోపల మీ కోటు, మీ దుప్పటి, మీ యూనిఫారం కుట్టించి ఇచ్చే పూచీ నాది. ఊళ్లో ఆవిణ్ణి మించి కుట్టేవాళ్లు లేరు."

"ఎవరావిడ?" అంది ఆయా.

"వస్తుంది," అన్నాడు జిగురుగారు.

గడియారాలాయన ఇంతవరకూ కుర్చీలోంచి లేవలేదు. "నాకు కుట్టడానికేం లేదు బాబూ," అన్నాడు మెల్లగా. "కొట్టు మూసేశాను. వాచీలు బాగుచేయించుకునేవాళ్లు ఎవరున్నారు? చేతులకి పని లేక రాత్రి నిద్ర పట్టట్లేదు. పుస్తకమైనా సరే." ఆ మాటకి మిగతావాళ్లు నిలబడిన చోటే కాస్త సర్దుకున్నారు. డ్రైవరు తన బండి అయిదింటికి కదా అని ముందు కూర్చున్నాడు.

*

బల్ల మధ్యలో కుట్టు చట్రం పెట్టాడు. పక్కన ఒక పాత పక్షుల బొమ్మల పుస్తకం. కుట్లన్నీ తెగి పద్నాలుగు ముక్కలుగా ఉంది. మడిచిన ఒక్కో ముక్కనీ ఫారం అంటారని, ఒక్కో దాంట్లో పదహారు పేజీలని చెప్పాడు. తలా ఒక ఫారం చేతికిచ్చాడు. దారం కొలిచి తుంచి, తేనెమైనం ముద్ద మీద లాగి ఇచ్చాడు. గుప్పెట్లో పట్టేంత ముద్ద అది. ఏళ్ల తరబడి దారాలు ఒకేచోట లాగీ లాగీ దాని మీద లోతైన గాడి పడింది. మైనం పట్టిన దారం జారదు, చిక్కుపడదు, పురుగు కొరకదు.

అయిదుగురూ సూదిలో దారం ఎక్కించారు. అయిదుగురూ దారం చివర చుట్టి ముడి వేశారు.

"ముందు ముడి వెయ్యొద్దు," అన్నాడు జిగురుగారు.

"ముడి వెయ్యకపోతే ఊడిపోదూ?" అంది చిన్న తోడికోడలు.

"ఊడదు. జానెడు తోక వదలండి. రెండో ఫారం కుట్టి వెనక్కి వచ్చాక ఆ దారం వచ్చి ఈ తోకకి కట్టుకుంటుంది. ముందే ముడి వేస్తే అది కాగితాన్ని చింపుకుని లోపలికి పోతుంది. బట్టకి సాగే గుణం ఉంది, ఓర్చుకుంటుంది. కాగితం ఓర్చుకోదు."

వాళ్లు ముడులు విప్పుకుంటూ ఉండగా మెట్ల మీద చప్పుడైంది. అడుగు, ఆయాసం, తిట్టు. అడుగు, ఆయాసం, తిట్టు. అదే వరసలో పైదాకా వచ్చింది. గుమ్మంలో అరవై ఆరేళ్ల భారీ మనిషి, మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. చేతిలో మాత్రల డబ్బా.

"ఒరేయ్! ఈ మెట్లెక్కేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. వేళకి మింగాల్సినవి నా మిషను మీద పెట్టి వస్తావా? పొద్దుటి నుంచీ చూసుకోనేలేదు, గుడ్డ తీస్తే కింద ఇది!"

జిగురుగారి అక్క ఆవిడ. వీధంతా టైలరక్క అంటారు. తల్లి పోయాక తమ్ముణ్ణి కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని పెంచింది. తన పని వాడికి వస్తుందనుకుంది. వాడికి ఇరవయ్యేళ్లప్పుడు ఈ గ్రంథాలయానికి పచ్చ కర్టెన్లు కుట్టి, తగిలించి రారా అని పంపింది. వాడు కర్టెన్లు తగిలించి, పుస్తకాలు కుట్టే పెద్దాయన దగ్గర నిలబడి, చీకటి పడ్డాక ఇంటికి వచ్చాడు. మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆనాటి నుంచి అక్క ఈ గుమ్మం తొక్కలేదు. "నా కర్టెన్లు తీసుకున్నది చాలక తమ్ముణ్ణి కూడా తీసుకున్నారు," అని ఎవరడిగినా ఇదే మాట. ఈ నెల రోజులుగా వచ్చి పాఠానికి కూర్చోమని బతిమాలినా, "నా ప్రాణం ఉండగా రాను," అనే చెప్పింది.

జిగురుగారు మాత్ర మింగి, నీళ్లు తాగి, ఆవిడకి కుర్చీ వేశాడు. కూర్చోనంది. కూర్చోకుండా ఉండేంత ఊపిరి లేదు కాబట్టి కూర్చుంది.

"వీళ్లంతా ఎవరు?"

"చిరుగులు తెచ్చుకున్నారు అక్కా."

చిరుగు అనే మాట వినబడితే ఊరుకునే మనిషి కాదు. డ్రైవరు కోటు లాక్కుని జేబు తిరగేసింది. "ఎవరు కుట్టారిది? చేత్తో కుట్టారా, కాల్తో కుట్టారా?" అని మెడలోని టేపు సర్దుకుంది. సూదికోసం చెయ్యి చాపింది. అలా చాపినప్పుడు బల్ల చివర ఉన్న బాగుచేసిన పుస్తకాల దొంతర ఆవిడ కంటబడింది. పై పుస్తకం వెన్ను మీద పచ్చటి గుడ్డ. దాని కింది పుస్తకానికీ అదే పచ్చ. దాని కిందిదానికీ.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. గుడ్డని బొటనవేలితో నెమ్మదిగా రుద్ది చూసింది.

"ఇది నా గుడ్డే కదరా."

"కర్టెన్లు వెలిసిపోయాయని పదిహేనేళ్ల కిందట తీసేశారు. పారేస్తుంటే తెచ్చుకున్నాను. నీ గుడ్డ గట్టిది. వెన్నుకి దాన్ని మించింది లేదు. ఇంకా రెండు గజాలుంది."

అక్క ముక్కు ఎగబీల్చి, కోటు జేబు కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూనే తమ్ముడు చెప్పేదంతా వింది. వింటూనే మధ్యలో అందుకుంది.

"ముడి వెయ్యకుండా మొదలెట్టేది కూడా ఒక కుట్టేనా?"

"తోక వదలాలి అక్కా."

"నీకు మొదటినుంచీ అంతే. ఏదీ పూర్తిగా బిగించవు."

"బిగిస్తే తర్వాత వచ్చేవాడు దేనికి కట్టుకుంటాడు?"

డ్రైవరు నవ్వాడు. ఆయా నవ్వింది. తోడికోడళ్లు ఒకళ్ల ఫారం ఒకళ్లు పట్టుకుని కుట్టుకుంటున్నారు, ఎవరి పక్క గట్టిగా లాగకూడదో ఈసారి ఇద్దరికీ తెలిసింది. గడియారాలాయన చెయ్యి మాత్రం చూడాలి. కళ్లకి దగ్గరగా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో కన్నంలోంచి సూది వెన్నలోకి దించినట్టు దించుతున్నాడు. ఒకసారి తలెత్తి, "ఈ రాత్రి నిద్ర పడుతుంది బాబూ," అన్నాడు.

నాలుగింటికి పెద్దమేడం రిజిస్టరు తీసుకుని వచ్చింది. తలలు లెక్కపెట్టింది. అక్క దగ్గర ఆగింది.

"ఈవిడ కూడానా?"

"నేను మాత్రలివ్వడానికి వచ్చాను," అంది అక్క.

"రిజిస్టరులో ఆరో పేరు మీదే ఉందే," అంది పెద్దమేడం. కాగితం వెలుతురుకి పట్టుకుని చూసింది. "పొద్దున్న తొమ్మిదింటికి నేను సంతకం పెట్టేటప్పటికే ఉంది."

అందరూ జిగురుగారి వైపు చూశారు. ఆయన వేళ్ల మీద జిగురు ఒలుచుకుంటున్నాడు.

"మాత్రలు కావాలనే వదిలేశావు కదూ?" అంది అక్క.

"మర్చిపోయాను."

"ముప్పైతొమ్మిదేళ్లలో గొడుగు మర్చిపోలేదు నువ్వు."

"వయసు మీద పడింది అక్కా," అన్నాడు. ఆయన ముఖంలో సిగ్గు ఒక్క పిసరు కూడా లేదు. పెద్దమేడం నవ్వు దాచుకోవడానికి రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకుని, అందులోనే ఆరు అంకె వేసి వెళ్లిపోయింది.

వెళ్లేటప్పుడు కోటుకి జేబు ఉంది, దుప్పటికి మధ్య ఉంది, యూనిఫారానికి అంచు ఉంది. చట్రం మీద పద్నాలుగింటిలో ఆరు ఫారాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆరోది జిగురుగారు కుట్టాడు, ఎలా ఆపాలో చూపించడానికి. దారం తెంపలేదు, ముడి వెయ్యలేదు. జానెడు వదిలి సూది తీసేశాడు.

"వచ్చే శనివారం ఇక్కడి నుంచి ఎత్తుకుంటాం," అన్నాడు.

అక్కాతమ్ముళ్లిద్దరూ మెట్లు దిగారు. గడియారం దగ్గర ఆయన ఆగితే అక్క కూడా ఆగింది. వాచీ వైపు చూడలేదు, ఆయన వైపు చూసింది. "ఊపిరి తీసుకో, తొందరేం లేదు," అంది. బయట ఆకుల మీద నడుస్తూ ఇంటిదాకా కర్టెన్ల గురించే పోట్లాడుకున్నారు. ఆ పచ్చ గుడ్డ వెలిసిందని తను ఒప్పుకోనంది అక్క. చాలా ఏళ్ల తర్వాత జిగురుగారికి కడుపు నిండినట్టు అనిపించింది.

*

గురువారం పొద్దున అక్క టీ పట్టుకొచ్చి తమ్ముణ్ణి పిలిచింది. రెండోసారి పిలవలేదు. గ్లాసు కిటికీలో పెట్టి, మంచం పక్కన కూర్చుని, ఆయన బొటనవేలి మీద మిగిలిపోయిన జిగురు పొరని చాలాసేపు నెమ్మదిగా ఒలిచింది.

శనివారం రెండింటికి పెద్దమేడం మెట్లెక్కింది. చంకలో రిజిస్టరు, చేతిలో తరగతి రద్దు కాగితం, దళసరిది, కింద సంతకంతో. నేర్పే మనిషి లేడు, అక్క ఎలాగూ రాదనుకుంటే పేర్లు అయిదే మిగిలాయి. ఆ సంగతి గుమ్మం మీదే చెప్పి పంపేద్దామనుకుంది, లోపలికి పిలిచి చెప్పేంత ధైర్యం లేక. కానీ గది తాళం తీసే ఉంది. చొక్కా జేబులో దొరికిన తాళంచెవి అక్క వేలికి వేలాడుతోంది. ఆవిడ తమ్ముడి కుర్చీలో కూర్చుంది. బల్ల చుట్టూ డ్రైవరు, ఆయా, తోడికోడళ్లు, గడియారాలాయన. మైదా కాస్త అడుగంటిన వాసన వస్తోంది.

అక్క దారం తుంచింది. సూదిలో ఎక్కించింది. యాభై ఏళ్ల అలవాటు, వేళ్లు వాటంతటవే దారం చివర చుట్టి ముడి బిగించబోయాయి. ఆగింది. చుట్టు విప్పింది.

"ముందు ముడి వెయ్యొద్దు," అంది. "తోక వదలాలి. నాకు తెలిసింది అంతే. మిగతాది ఆ పుస్తకాలు విప్పి చూసుకుంటూ నేర్చుకుందాం, ఎలా కట్టాడో విప్పితే తెలీదా?" ఆయన వదిలిన జానెడు దారాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, తన దారం దానికి కట్టింది. లాగి చూసింది. నిలిచింది.

అప్పుడు తలెత్తి పెద్దమేడాన్ని చూసింది.

"ఆరుగురు కావాలన్నారటగా. నేను నేర్పే దానినైపోయాను, ఒకరు తక్కువ. వచ్చి కూర్చోండి."

"అది కాదండీ, ఈ కాగితం..."

"ఏదీ?" అక్క కాగితం అందుకుంది. చదవలేదు. బట్ట చూసినట్టు వేళ్ల మధ్య రుద్ది చూసింది. "మందంగా ఉంది. పచ్చ గుడ్డ కింద వెన్నుకి వేస్తే నిలుస్తుంది." కత్తెర తీసి సంతకం మీదుగా పొడుగ్గా రెండు బద్దలు కోసింది.

పెద్దమేడం కుర్చీ లాక్కుని, కళ్లు తుడుచుకుని, రిజిస్టరు తెరిచి ఆరో వరసలో తన పేరు రాసుకుంది. అక్క ఆవిడ కోసం దారం కొలిచి, బల్ల మీది మైనం ముద్ద దగ్గరికి లాక్కుంది. చేత్తో తడిమి చూసుకునే పని లేకపోయింది. ఆయన దారాలు ముప్పైతొమ్మిదేళ్లు కోసిన గాడి అక్కడే ఉంది, లోతుగా, నున్నగా, కొత్త దారం పట్టేంత ఖాళీతో.